మా చేన్లలో నాలుగడుగులు నడుస్తారా?

రైల్లో బెంగుళూరు పోతూ గుత్తి జంక్షను దాటగానే కిటికీ రెక్క దించేసి పడుకునేవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. "చూడ్డానికేముందండీ, రాళ్ళూ, ఎర్రమట్టీ, కంపచెట్లూను!" అంటారు. మా ఆడబిడ్డ అత్తగారిది గోదావరి వైపు. మొదటిసారి మా ఊరొచ్చినప్పుడు ఆవిడ బస్సు దిగి నాలుగు దిక్కులా చూసి, "ఇదేంటమ్మా, మీ భూమి ఒంటిమీద నూలుపోగు లేదూ!" అని జాలిపడిపోయింది. మూడు రోజులుంది. పొద్దునా సాయంత్రం మా అత్తగారి వెంట చేని దాకా నడిచింది. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం "ఇంత ఆకాశం నేనెప్పుడూ చూళ్ళేదు సుమా" అంది. మావైపు అందం బస్సులో కూర్చుంటే కనపడేది కాదు. నడవాలి.

ఇప్పుడు వచ్చేవాళ్ళూ పెరిగారు. శని, ఆదివారాల్లో బెంగుళూరు నుంచి లేపాక్షికి కార్లు బారులు తీరుతున్నాయి. పుట్టపర్తికి అన్ని దేశాలవాళ్ళూ వస్తారు, చిత్రావతి ఒడ్డున పల్లెల దాకా నడిచిపోతుంటారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ పుణ్యమా అని స్పెయిన్‌వాళ్ళు పల్లెపల్లెకూ వచ్చారు. వీళ్ళు కాక, పట్నంలో స్థిరపడి పిల్లలకు ఊరు చూపిద్దామని వచ్చే మనవాళ్ళు. అందరూ అడిగేది ఒకటే, "కాస్త పొలాల్లో నడవచ్చా?" అని. నిక్షేపంగా నడవచ్చు. గైడు పుస్తకాల్లో గుళ్ళ సంగతులుంటాయి కానీ గెనిమల సంగతి ఉండదు కాబట్టి, ఆ నాలుగు మాటలూ నేను చెబుతాను. (గెనిమ అంటే పొలం గట్టు. మా మాట ఇది, ఇప్పుడే నేర్చుకోండి, దారి అడిగేటప్పుడు పనికొస్తుంది.) అన్నట్టు, 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేసి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాను విడదీశారు గానీ, మా నోట్లో మాత్రం ఇప్పటికీ అంతా అనంతపురమే.

ఎప్పుడు రావాలి?

ముందు మా వానల లెక్క తెలియాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అంతే. రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత దేశంలో అంత తక్కువ వాన మా జిల్లాకే అని బళ్ళో చదువుకున్నాం. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటేసరికే బరువు దించేసుకుంటాయి. ఈశాన్య మేఘాలు కోస్తాలో కురిసి మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. రెండిళ్ళ చుట్టం ఆకలితో పడుకున్నట్టుంటుంది మా బతుకు.

అందుకని అక్టోబరు నుంచి జనవరి దాకా రండి. కందిచేలు పచ్చగా ఉంటాయి, చెనిక్కాయ పీకుతుంటారు (వేరుశనగను మేం చెనిక్కాయ అంటాం), సీతాఫలాలు గుట్టల మీద పండి ఉంటాయి, రేగుపండ్లు మొదలవుతాయి. ఎండ ఉంటుంది కానీ కొట్టదు. శివరాత్రి దాటితే మాత్రం పొద్దున ఎనిమిది లోపల నడక ముగించుకుని నీడకు చేరాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో "వాకింగు" అంటే మా ఊరివాళ్ళు మిమ్మల్ని చూసి జాలిపడతారు. పనిలేక ఎండలో తిరిగేవాళ్ళు మా దగ్గర ఉండరు మరి.

జూన్, జులైలలో తొలకరికి వస్తే ఒక్క జాగ్రత్త. తడిసిన ఎర్రమట్టి మీద నడవాలనిపిస్తుంది, నిజమే. కానీ అప్పుడే విత్తనం పడి ఉంటుంది. ఆ వాన కోసం నెల రోజులు మబ్బుకేసి చూసి, అప్పు తెచ్చిన విత్తనాన్ని భూమిలో వేసి ఉంటారు. బీడు అనుకుని మీరు అడుగు పెట్టింది విత్తిన చేనై ఉండొచ్చు. దున్నిన సాళ్ళు కనపడితే ఎంత చుట్టు తిరుగుడైనా సరే గెనిమ మీదే నడవండి.

ఇంకో మాట. మీ నడక మధ్యలో వాన పడిందనుకోండి, "ఛ, పాడు వాన" అని మాత్రం అనకండి. మబ్బు తేలిపోతే "హమ్మయ్య" అనీ అనకండి. మిగతా చోట్ల ఏమో గానీ, మా దగ్గర అది చెవిన పడరాని మాట. తడిసిన ముఖంతో నవ్వుతూ నిలబడండి, చాలు, ఆ ఊరికి మీరు చుట్టాలైపోతారు.

కాళ్ళకు, ఒంటికి

చీరే కట్టుకోండి, చుడీదారే వేసుకోండి, నూలుదై ఉండాలి, చేతులు కప్పాలి. సన్నటి పట్టీల చెప్పులు ఇంట్లో వదిలేయండి. మా నేల మీద పల్లేరుకాయలూ, సర్కారు కంప ముళ్ళూ ఉంటాయి. సర్కారు కంప ముల్లు మామూలు రబ్బరు చెప్పును అడుగు నుంచి పైదాకా గుచ్చుకుని వచ్చేస్తుంది. మా అత్తగారు టైరు చెప్పులు తప్ప వేసుకోదు, ఎందుకో ఇప్పుడు అర్థమైందా? మీకు మడమ కప్పే బూట్లయితే మంచిది. అడుగు మందంగా ఉండాలి, పైకి ఎంత అందంగా ఉన్నా లాభం లేదు. తలకు తుండుగుడ్డో, కొంగో. గొడుగు కూడా తెచ్చుకోండి, సిగ్గుపడకండి, మా గొర్రెల కాపరులే గొడుగులేసుకుని తిరుగుతారు.

గుట్టల పక్క పొదల్లో దురదగొండి అల్లుకుని ఉంటుంది. దాని కాయలు బంగారు రంగు నూగుతో ముద్దొస్తుంటాయి. ముట్టుకున్నారో, ఆ రోజంతా గోక్కోవడమే పని. పిల్లలుంటే ముందే చూపించి చెప్పండి.

దోవ అడిగితే

ఇంగ్లండులో పొలాల మధ్య కాలిబాటలకు చట్టమే ఉందట, పొలం ఎవరిదైనా ఆ బాటన ఎవరైనా నడవచ్చు. మా దగ్గర కాగితం మీద ఉన్న దోవలు తక్కువ, వాడుకలో ఉన్న దోవలే ఎక్కువ. బండి దోవ కోసం అన్నదమ్ములే కోర్టుకెక్కిన ఊళ్ళున్నాయి. కాబట్టి ఎదురుపడిన మనిషిని "అన్నా, ఇట్ల పోవచ్చునా?" అని ఒక్క మాట అడగండి. వద్దనేవాళ్ళను నేనింతవరకు చూడలేదు. అడక్కుండా నడిస్తే మాత్రం దూరం నుంచి "యావురప్పా అది!" అని కేక వినపడుతుంది. కోపం కాదది, తెలుసుకోవడం.

దూరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఇక్కడే, ఆ గుట్ట దాటితే ఊరే" అంటే కనీసం గంట. "కూతవేటే" అంటే అరగంట. "కొంచెం దూరమే" అన్నారంటే మాత్రం మీరు ఆటో మాట్లాడుకోవడం మేలు.

ఎదురుపడిన ప్రతివాళ్ళూ మిమ్మల్ని మూడు ప్రశ్నలు అడుగుతారు. యా ఊరు, ఎవరింటికొచ్చినారు, ఏం పని మీద. "ఊరికే నడవడానికి" అంటే నమ్మరు. భూమి కొనడానికొచ్చారనో, సర్వే వాళ్ళనో అనుకుంటారు. గాలిమరల కంపెనీలూ, సోలారు కంపెనీలూ తిరిగాక ఆ అనుమానం మరీ ఎక్కువైంది. "మీ ఊరు బాగుంటుందని విన్నాం, చూసిపోదామని" అని చెప్పండి. నాలుగో ప్రశ్న కూడా రావచ్చు, "మీరేమోళ్ళు?" అని. కులం అడగడమన్నమాట. చెప్పాలో వద్దో మీ ఇష్టం. నేనైతే "ఆడవాళ్ళం" అంటాను. నవ్వేసి వదిలేస్తారు. పెద్దవాళ్ళను అవ్వా, తాతా అనండి. ఈడువాళ్ళను అక్కా, అన్నా. మడకశిర, రాయదుర్గం వైపైతే కన్నడం వినపడుతుంది, హిందూపురం, కదిరి వైపు ఉర్దూ. మీకు ఆ భాషలు రాకపోయినా ఇబ్బందేం లేదు, తెలుగు అందరికీ వచ్చు.

నీళ్ళ మర్యాద

అసలు నేనీ వ్యాసం రాయడానికి కూర్చున్నదే ఈ మాట కోసం. మా దగ్గర ఏ ఇంటి ముందు ఆగినా మొదట వచ్చేది చెంబుతో నీళ్ళు. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో మీకు కనపడదు. కొన్ని ఊళ్ళకు పైపు నీళ్ళు వస్తాయి. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు వేసిన తాగునీటి పథకం ఎన్నో పల్లెల దాహం తీర్చింది. హంద్రీ నీవా కాలువలో కృష్ణ నీళ్ళు వచ్చాక కొన్ని చెరువులు నిండాయి కూడా. అయినా వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన వీధులు లేకపోలేదు. అందుకని మీ నీళ్ళు మీరు తెచ్చుకోండి, మనిషికి రెండు లీటర్లకు తక్కువ కాకుండా. ఇచ్చిన నీళ్ళు వద్దనకండి, అది వాళ్ళకు చిన్నతనం. నాలుగు గుక్కలు తాగి చెంబు తిరిగివ్వండి. మిగిలిన నీళ్ళు పుక్కిలించి వాకిట్లో ఊసేయడం, కాళ్ళు కడుక్కోవడానికి రెండో చెంబు అడగడం మాత్రం చేయకండి.

"బాటిలు నీళ్ళే తాగుతాం, ఇక్కడి నీళ్ళల్లో ఫ్లోరైడు ఉందటగా" అని ముఖం మీదే అనేవాళ్ళున్నారు. ఉన్న మాటే. మావైపు చాలా ఊళ్ళ బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళు గారపట్టిన పిల్లలు, నడుము వంగిపోయిన పెద్దలు మీకూ కనపడతారు. నీళ్ళు కాచినా అది పోదు. కానీ అది ఏళ్ళ తరబడి తాగితే ఒంటికి పట్టే జబ్బు. ఒక్కరోజు చుట్టానికి ఒక్క గ్లాసుతో ఏమీ కాదు. అవే నీళ్ళు పుట్టినప్పటి నుంచీ తాగుతున్న మనిషి ఎదుట నిలబడి ఆ మాట అనడం సబబా అన్నది మీరే ఆలోచించండి. కడుపు నొప్పి భయం ఉంటే మజ్జిగ అడగండి, సంతోషంగా ఇస్తారు.

పెన్న, చిత్రావతి ఏళ్ళు చూస్తే మీకు ఇసుకే కనిపిస్తుంది. ఆ ఇసుకలో అక్కడక్కడ చెలమలు తవ్వి ఉంటాయి. వాటిలో ఊరిన నీళ్ళను టెంకాయ చిప్పతో తోడి బిందె నింపుకుంటారు. చెలమలో చెయ్యి కడగకండి, చెప్పులతో ఒడ్డు తొక్కకండి. ఒక అడుగు జారితే ఇసుక కూలి చెలమ పూడిపోతుంది, గంట పని వృథా. అలాగని ఎండిన ఏరే కదా అని నమ్మి పడుకోనూ కూడదు. పైన కర్ణాటకలో కురిస్తే ఇక్కడ ఎండలోనే నీళ్ళొస్తాయి. 2021 నవంబరులో చిత్రావతి వరదలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి పైకి లాగింది. కరువు జిల్లాలో హెలికాప్టరుతో వరద సాయం! మేమే నమ్మలేకపోయాం.

నీళ్ళ కథ చెప్పుకుంటున్నాం కాబట్టి గుత్తి కోట సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. ఎక్కడానికి గంట పైనే పడుతుంది, పొద్దున్నే ఎక్కండి. పైన కొండ అంచున మురారిరావు గద్దె ఉంది, అక్కడ కూర్చుంటే గాలి మనిషిని ఎత్తుకుపోతుందా అన్నట్టుంటుంది. అంత గట్టి కోట 1776లో హైదరాలీ చేతికి చిక్కింది ఫిరంగులతో కాదు, లోపల నీళ్ళు అయిపోయి. యాభై ఏళ్ళ తర్వాత 1827 జులైలో, మద్రాసు గవర్నరు థామస్ మన్రో పత్తికొండ దగ్గర కలరాతో పోతే ఈ గుత్తిలోనే పాతిపెట్టారు. తరవాత అస్థికలు మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయారు. నీళ్ళు లేక ఒకరు, నీళ్ళు చెడి ఒకరు.

తెల్లవారుజామున పొలిమేరకు పోకండి

ఇది ముఖ్యంగా ఫొటోల పిచ్చి ఉన్న మగవాళ్ళకు, వాళ్ళను వెంటబెట్టుకొచ్చే మీకూనూ. "సూర్యోదయం చూడాలి" అని నాలుగున్నరకే లేచి ఊరి బయటకు బయల్దేరతారు. ఊరి బయట కంపచెట్ల చాటు ఆ వేళకు ఎవరిదో తెలుసా? మా ఆడవాళ్ళది. ఇప్పుడు చాలా ఇళ్ళకు మరుగుదొడ్లు వచ్చాయి, కాదనను. కానీ బిందె నీళ్ళకు వరసలో నిలబడే ఇంట్లో దానికి పోసే నీళ్ళెక్కడివి? ముసలివాళ్ళు, కోడళ్ళు ఇంకా చీకటితోనే బయటికి పోయే ఊళ్ళున్నాయి. మీ టార్చిలైటు వాళ్ళ మీద పడితే, రోజంతా కడుపు బిగబట్టుకునేది వాళ్ళు. సూర్యుడు ఊరి వాకిట్లో కూడా ఉదయిస్తాడు. మిద్దె ఎక్కి చూడండి, ఇంటివాళ్ళే నిచ్చెన వేస్తారు. తెల్లగా వెలుగు వచ్చాక బయల్దేరండి.

మరి మీకు అవసరమైతే? ఏ ఇంట్లోనైనా అక్కనో అవ్వనో పక్కకు పిలిచి అడగండి. ఆడవాళ్ళకు ఆ విషయంలో పరాయివాళ్ళుండరు. దొడ్డి ఉంటే చూపిస్తారు, లేకపోతే తోడు వస్తారు.

ఫొటోల సంగతి కూడా చెప్పాలి. పగుళ్ళిచ్చిన చెరువు, ఎండిన చెట్టు, కింద కూర్చున్న ముసలావిడ. మా జిల్లా ఫొటో అంటే పేపర్లలో ఇదే. ఆ ముసలావిడ అరగంట ముందు మనవరాలితో నవ్వుతూ చింతపిక్కలు ఆడుతూ ఉండొచ్చు, ఆ ఫొటో ఎవరికీ అక్కర్లేదు. తీసే ముందు అడగండి. "ఉండు, ముఖం కడుక్కొస్తా, తల దువ్వుకొస్తా" అంటే పది నిమిషాలు ఆగండి. తీసింది చూపించండి. అప్పులపాలై మగవాణ్ణి పోగొట్టుకున్న ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకటో రెండో ఉంటాయి. వెంట వచ్చిన కుర్రాడు "అదుగో, ఆ ఇంట్లోనే" అని వేలు పెట్టి చూపిస్తే అటు తలతిప్పకుండా నడవండి. ఆ ఇంటి ఇల్లాలు ఎంతమంది ఎదుట ఎన్నిసార్లు అదే కథ చెప్పి ఉంటుందో! మీతో ఆవిడే మాట్లాడితే వేరు సంగతి.

ఊరు చూడటమంటే రచ్చకట్ట, బొడ్రాయి, పెద్ద మిద్దె చూడటమేనా? మిమ్మల్ని ముందు అక్కడికే తీసుకుపోతారు. కాలనీ వైపు కూడా నడవండి. పొద్దున ఏడింటికి ఆటోల్లో, ట్రాక్టర్లలో కూలికి పోయే ఆడవాళ్ళు ఎక్కువగా అక్కడి నుంచే బయల్దేరతారు. దారి పొడుగునా మీరు చూసే రాతి కట్టలు, నీటి కుంటలు, గుట్ట వాలున తవ్విన కందకాలు చాలామటుకు వాళ్ళ చేతి పనే. ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికి మొదలుపెట్టింది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. "ఇదేదో పురాతన కట్టడంలా ఉందే" అని ఓ బెంగుళూరు అమ్మాయి అడిగితే మా ఊరి ఆడమనిషి ఒకామె నడుం మీద చెయ్యేసుకుని "నేనే కట్టినా, పోయినేడాది" అంది!

కల్లం దగ్గర

చెనిక్కాయ పీకే కాలంలో వస్తే, చెట్టు నీడన ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని కాయలు విడిపిస్తూ కనిపిస్తారు. "రా మ్మా, కూర్చో" అంటారు. కూర్చోండి. ఒళ్ళో దోసెడు కాయలు పోస్తారు, తినండి. మట్టి వాసనతో పచ్చి చెనిక్కాయ తిన్నాక పట్నంలో పొట్లాలు నోటికి సయించవు. కానీ మీరుగా చెట్టు పీకకండి. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతులు కూడా ఆడించారంటే ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటారు.

కల్లంలోకి చెప్పులతో పోకూడదు. కుప్పను దాటకూడదు. "ఎన్ని మూటలైంది?" అని అడగకూడదు, దిష్టి అని భయం. కొలిచేటప్పుడు చూడండి, మొదటి కొలతను ఒకటి అనరు, "లాభం" అంటారు. ఎన్నేళ్ళుగా నష్టమొస్తున్నా ఆ మాట మాత్రం మారలేదు. పక్కనే వామి వేసిన చెనిక్కట్టె ఉంటుంది. పశువులకు ఏడాది మేత అదే. దాని దగ్గర బీడీ, సిగరెట్టు వెలిగించే మగవాళ్ళు మీ గుంపులో ఉంటే గట్టిగా మందలించండి.

చీనీ తోటల్లో (బత్తాయికి మా పేరు) డ్రిప్పు పైపులు నేలమీద పాకి ఉంటాయి. తొక్కితే పగులుతాయి.

భయపడాల్సినవి, అక్కర్లేనివి

మందలో కుక్కలున్నాయని చాలామంది భయం. రాత్రుళ్ళు గొర్రెలను చేన్లో మంద కడతారు, ఎరువు కోసం. ఆ కుక్కలు తోడేళ్ళ నుంచి మందను కాచేవి. మిమ్మల్ని చూసి అరుస్తాయి. పరిగెత్తకండి. నిలబడి "ఓ అన్నా!" అని కేకేయండి. కాపరి ఒక్క ఈల వేస్తే తోక ఊపుకుంటూ పోతాయి.

కృష్ణజింకలు ఉరవకొండ, గుంతకల్లు వైపు నల్లరేగడి చేన్లలో గుంపులుగా కనపడతాయి. మీకు ముచ్చట, రైతుకు గుండెమంట, మొలకలన్నీ మేసేస్తాయి. ఆ మాట గుర్తుంచుకుని మురవండి. కళ్యాణదుర్గం, కుందుర్పి, రాయదుర్గం గుట్టల్లో ఎలుగుబంట్లున్నాయి. సీతాఫలాల కాలంలో ఊళ్ళోకే వస్తాయి. పొద్దు పొడవక ముందు, పొద్దు గూకాక బండల మధ్య తిరగకండి. పగలైనా పొదల్లో మాట్లాడుకుంటూ, పాటలు పాడుకుంటూ నడవండి. అలికిడి విని అదే తప్పుకుంటుంది. హఠాత్తుగా ఎదురుపడితేనే అది మీద పడేది, పిల్ల వెంట ఉంటే మరీను.

పాము గురించి వివరంగా చెప్పాలి. రక్తపింజరి ఎర్రమట్టిలో, చెనిక్కట్టె కింద కలిసిపోయి పడుకుంటుంది. చెయ్యి పెట్టే చోటు, కాలు పెట్టే చోటు చూసుకోండి. రాయి తిరగేయకండి. కరిచిందా, గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఆకు పసరు, ఇవేమీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా పుల్ల పెట్టి వదులుగా గుడ్డ చుట్టి, మనిషిని నడిపించకుండా ఆస్పత్రికి చేర్చాలి. 108కి ఫోను చేయండి, అది ఆలస్యమయ్యేట్టుంటే ఊళ్ళో ఏ బండి ఉంటే ఆ బండి. విరుగుడు మందు ప్రభుత్వాస్పత్రుల్లో ఉంటుంది. ఇంకొకటి, మన ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనిది. కాలికి కరిస్తే మెట్టెలు, పట్టీలు, చేతికైతే గాజులు, ఉంగరాలు వెంటనే తీసేయాలి. వాపు వచ్చాక అవి మాంసంలోకి దిగబడిపోతాయి. మెట్టెలు తీయకూడదని సెంటిమెంటు పట్టుకు కూర్చోకండి, మనిషి బతికితే మళ్ళీ పెట్టుకోవచ్చు.

నన్నడిగితే పాము కన్నా ఎక్కువ చూసుకోవాల్సినవి మూడున్నాయి. ఒకటి గట్టులేని పాత బావులు. కంప అల్లుకుని అంచు కనపడదు. నీళ్ళు పడక వదిలేసిన బోరు గుంతలు రెండోది. మావాళ్ళు ఒక్కొక్కరు ఎన్నెన్నో బోర్లు వేసి ఆశ వదులుకున్నారు, అన్నిటికీ మూత ఉందని చెప్పలేం, పిల్లల చెయ్యి వదలకండి. మూడోది కరెంటు తీగ. అడవిపందుల కోసం రాత్రిపూట చేని చుట్టూ తీగ కట్టి కరెంటు పెట్టేవాళ్ళున్నారు. చట్టం ఒప్పుకోదు, అయినా పెడుతున్నారు. చీకట్లో కంచె దాటొద్దు. పగలు కూడా తల మీద వేలాడే తీగలు చూసుకోండి. 2022 జూన్ 30న తాడిమర్రి మండలంలో కూలికి పోతున్న ఆడవాళ్ళ ఆటో మీద కరెంటు తీగ పడి ఐదుగురు కాలిపోయారు. అదే ఏడాది నవంబరులో బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో ట్రాక్టరు మీద తీగ తెగిపడి నలుగురు కూలి ఆడవాళ్ళు పోయారు. అప్పటి నుంచి మా అత్తగారు తీగ కింద నుంచి పోవాల్సి వస్తే తల ఎత్తి చూడనిదే అడుగు వేయదు.

రామగిరి గుట్టల మీద గాలిమరలు చూడ్డానికి బాగుంటాయి. అక్కడి బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. పాత గని గోతుల జోలికి పోవద్దు.

ఎక్కడెక్కడ?

ఎక్కడైనా నడవచ్చు, అయినా అడుగుతారు కాబట్టి. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఫొటో దిగి, కారెక్కి వెళ్ళిపోకండి. మంటపం కప్పు మీద బొమ్మల్లోని ఆడవాళ్ళ చీరల అంచులు చూడండి. నాలుగు వందల ఏళ్ళు దాటిన డిజైన్లు, ధర్మవరం నేతగాళ్ళకు ఇప్పటికీ పనికొస్తున్నాయి. అక్కణ్ణుంచి నడుస్తూ 27 అడుగుల ఏకశిలా నంది దగ్గరికి రండి. దగ్గర్లోనే చిలమత్తూరు మండలంలో వీరాపురం అని ఒక ఊరుంది. ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీదే గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. అవి వస్తే వానలు బాగా పడతాయని నమ్మకం. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు వాటిని. ఆ ఊళ్ళో గట్టిగా అరవకండి, హారను కొట్టకండి.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఒక్క చెట్టే అయిదెకరాల దాకా ఉంటుంది, 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. ఊడల మధ్య నడవండి, ఊడలకు ఊగకండి. బీడు భూమి మళ్ళీ అడవి ఎలా అవుతుందో చూడాలంటే చెన్నేకొత్తపల్లి వైపు పోవాలి. 1990లో టింబక్టు కలెక్టివ్ వాళ్ళు మొదలుపెట్టిన పని అక్కడి ఊళ్ళవాళ్ళు చేతుల్లోకి తీసుకుని కల్పవల్లి అనే అడవిని నిలబెట్టారు. ముందుగా అడిగి వెళ్ళాలి, వేసవిలో అగ్గిపుల్ల గీయకూడదు.

వజ్రకరూరు మాట ఎత్తకపోతే మా చెల్లెలు ఊరుకోదు. తొలకరి పడగానే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేన్లలో వజ్రాలు వెతుకుతారు. పిల్లల్ని చంకనేసుకుని, సద్దిమూటలు కట్టుకుని చెట్ల కింద పడుకునే తల్లుల్ని చూస్తే నాకు ముచ్చట కన్నా దిగులే ఎక్కువ. దొరికినవాళ్ళ కథలే బయటికొస్తాయి, దొరకనివాళ్ళు బస్సు చార్జీలు అప్పు తీసుకుని పోతారు. విత్తిన చేన్లు తొక్కుతున్నారని రైతులకు వాళ్ళతో రోజూ గొడవే. చూడాలనుకుంటే రోడ్డు మీద నుంచి చూడండి.

తిండి, కానుక, బస్సు

పొద్దున హోటల్లో ఉగ్గాని బజ్జీ తినండి, నడకకు అదే సరి. ఇంట్లో పెడితే రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి. సంగటిని నమలకూడదు, ముద్దను కూరలో ముంచి మింగాలి. మొదటిసారి నమిలి ఇబ్బందిపడే పట్నం పిల్లల్ని చూసి మా ఊళ్ళో పిల్లలు పడీపడీ నవ్వుతారు. పండుగ రోజైతే ఓళిగలు. వద్దన్నా రెండోది వేస్తారు, కాబట్టి మొదటిది నిదానంగా తినండి.

తిన్నందుకు డబ్బులివ్వకండి. తీసుకోరు, పైగా నొచ్చుకుంటారు. పిల్లలందరికీ చాక్లెట్లు పంచడం కూడా నాకు నచ్చదు. నాలుగోసారి వచ్చే చుట్టం చేతుల కేసి చూడటం నేర్పినట్టవుతుంది. పండ్లో, కాఫీపొడో ఇంటి ఇల్లాలి చేతికివ్వండి. ఆవిడ చెనిక్కాయలో, కందిపప్పో అమ్మేట్టుంటే బేరమాడకుండా కొనుక్కోండి.

పల్లెవెలుగు బస్సుల్లో తిరిగితేనే ఊళ్ళు తెలుస్తాయి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రం ఆడవాళ్ళకు వాటిలో టిక్కెట్టు లేదు, గుర్తింపు కార్డు మాత్రం దగ్గరుంచుకోండి. చాలా ఊళ్ళకు సాయంత్రం వచ్చిన బస్సు రాత్రికి అక్కడే పడుకుంటుంది, తెల్లవారి మొదటి ట్రిప్పు అదే. టైము బోర్డులు ఉండవు. డ్రైవరు రచ్చకట్ట దగ్గర భోంచేస్తుంటే అప్పుడే అడిగి పెట్టుకోండి. పూలగంపలూ, పాల క్యాన్లూ ముందు ఎక్కుతాయి కాబట్టి, కిటికీ పక్క సీటు కావాలంటే పావుగంట ముందే వెళ్ళి కూర్చోవాలి.